కలోంజీ నూనె – మనం మింగే మాత్రలు

(వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ముగ్గురం ఫార్మసీ పాఠాలు చెప్పుకునేవాళ్లం. ఈ ప్రసంగం ముగ్గురం కలిసి రాసుకున్నాం, ఒకరం చదువుతున్నాం. అందుకే "మేము" అని వస్తుంది. గొప్పకు అనుకోకండి.

మన సంస్థ నడిపే ఉచిత వైద్య శిబిరాల్లో మా బల్ల మందులిచ్చే చోట ఉంటుంది. డాక్టరుగారు రాసిన చీటీ మా దగ్గరికి వస్తుంది. మందు ఇచ్చేముందు మేమొక ప్రశ్న అడుగుతాం: "ఇప్పటికే ఏం మందులు వాడుతున్నారు?" జేబులోంచి, చేతిసంచీలోంచి మాత్రల అట్టలు బయటికి వస్తాయి. షుగర్‌వి, బీపీవి, గుండెవి. కలోంజీ నూనె సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. విడిగా అడిగితే, "ఆఁ, రోజూ పొద్దున్నే ఒక చెంచా తాగుతాను, అది మందు కాదు కదా" అంటారు. ఈ "మందు కాదు కదా" అన్నమాట గురించే ఈ పూట మాట్లాడదామని వచ్చాం.

మొదట గింజ సంగతి. కలోంజీని అరబ్బీలో హబ్బతుస్సౌదా అంటారు, యునానీ హకీములు షోనీజ్ అంటారు. శాస్త్రీయ నామం నైజెల్లా సటైవా. తెలుగులో నల్లజీలకర్ర అంటాం, చిక్కంతా ఇక్కడే. కొన్ని దుకాణాల్లో నల్లజీలకర్ర అని అడిగితే బిర్యానీలో వేసే షాజీరా పొట్లం కడతారు. అది వేరే మొక్క, వేరే కుటుంబం. దాని వాసనలో ఉండే పదార్థాలు కూడా వేరు. ఇంకొందరు ఇవి ఉల్లి విత్తనాలని చెప్పి అమ్ముతారు. చూపుకి కాస్త దగ్గరగానే ఉంటాయి కాని ఉల్లికీ దీనికీ చుట్టరికం లేదు. గుర్తుపట్టడం తేలిక. షాజీరా సన్నగా, వంపుగా, చారలతో ఉంటుంది. కలోంజీ మూడు మూలలుగా, మసిలా నల్లగా, గరుకుగా ఉంటుంది. రెండు వేళ్ల మధ్య నలిపి చూడండి, వాముకి దూరపు బంధువులాంటి ఘాటు వస్తుంది. ఆ పోలిక వట్టి ఊహ కాదు. వాములో ఉండే థైమాల్, కలోంజీలో ఉండే థైమోక్వినోన్, కార్వక్రాల్ ఒకే ఇంటి పిల్లలు.

గింజలో రెండు రకాల నూనెలున్నాయి. ఈ తేడా తెలియకపోతే తక్కినదంతా అర్థం కాదు కాబట్టి కాస్త ఓపిక పట్టాలి. గింజ బరువులో దాదాపు 30 నుంచి 40 శాతం మామూలు నూనె. నువ్వుల నూనెలా, పల్లీ నూనెలా పిండితే వచ్చేది. అందులో ఎక్కువ భాగం లినోలిక్ ఆమ్లం. ఇది చేతికి రాసుకుంటే జిడ్డుగా నిలిచిపోతుంది, ఆవిరైపోదు. రెండోది ఆవిరయ్యే నూనె, అంటే వాసన నూనె. ఇది గింజలో సుమారు అర శాతం నుంచి ఒకటిన్నర శాతం వరకే ఉంటుంది. అయినా కలోంజీకి ఆ ఘాటు, ఆ పేరు, ఆ గుణం చాలా మటుకు దీనివల్లే. ఇందులో ముఖ్యమైనది థైమోక్వినోన్. దీన్ని 1963లో ఈజిప్టు శాస్త్రవేత్త ఎల్ దఖాఖ్నీ విడదీసి చూపించారు. దానితోపాటు పారా సైమీన్, కార్వక్రాల్, థుజీన్, పైనీన్ వంటివి ఉంటాయి. ఏ నేలలో పండింది, ఎన్నాళ్లు నిల్వ ఉంది, ఎలా తీశారు అన్నదాన్ని బట్టి ఈ పాళ్లు బాగా మారిపోతాయి.

ఈ వాసన నూనెను ఎలా తీస్తారు? బిర్యానీ దమ్ పెట్టడం తెలిసిన ఇళ్లకు ఇది చెప్పడం సులువు. మూత చుట్టూ పిండి అంటించి ఎందుకు మూస్తాం? ఆవిరితోపాటు వాసన బయటికి పోకూడదని. వాసన తీసేవాడు దీన్నే తిరగేస్తాడు. ఆవిరిని పోనిస్తాడు, కాని ఒక గొట్టంలోంచి పోనిచ్చి, దాన్ని చల్లబరిచి పట్టుకుంటాడు. కన్నౌజ్‌లో అత్తరు తీసేవాళ్ల రాగి డేగ్, భప్కా ఇదే పని చేస్తాయి. చార్మినార్ చుట్టుపక్కల అత్తరు దుకాణాల్లో చిన్న సీసాల్లో కనిపించే సరుకులో అసలైనదానికి మూలం ఆ పద్ధతే. అరబ్బు పండితుడు అల్ కిందీ తొమ్మిదో శతాబ్దంలోనే పరిమళాల తయారీ మీద, బట్టీ పట్టడం మీద పుస్తకం రాశాడు. మన ప్రయోగశాలల్లో అదే పని గాజు పరికరంతో చేస్తాం. క్లెవెంజర్ అనే అమెరికా శాస్త్రవేత్త 1928లో రూపొందించిన నమూనా అది, కాబట్టి క్లెవెంజర్ పరికరమనే అంటారు.

మా విద్యార్థులతో చేయించేది ఇలా ఉంటుంది. 100 గ్రాముల కలోంజీని అప్పటికప్పుడు దంచుతాం. ముందురోజు దంచి పెడితే సగం ఘాటు గదికి పోతుంది. దంచినదాన్ని గుండ్రటి గాజు కుప్పెలో నీళ్లతో కలిపి సుమారు మూడు గంటలు మరిగిస్తాం. పైకి వెళ్లిన ఆవిరి చల్లటి గొట్టం తగిలి నీళ్లై కిందికి దిగుతుంది, ఆ నీటి మీద పసుపుపచ్చ పొర తేలుతుంది. కుర్రవాళ్లు ఒక ప్రశ్న వేస్తారు, మంచి ప్రశ్న: "సార్, పారా సైమీన్ మరగాలంటే 177 డిగ్రీలు కావాలి, థైమోక్వినోన్‌కి 230 డిగ్రీలు దాటాలి. 100 డిగ్రీల నీళ్లతో ఎలా వచ్చేసింది?" నీళ్లూ నూనే కలవవు కాబట్టే వచ్చింది. కలవని రెండు ద్రవాల్ని కలిపి కాస్తే, ఒకదాని ఆవిరి ఒత్తిడికి రెండోదాని ఒత్తిడి తోడవుతుంది. రెండూ కూడి గాలి ఒత్తిడితో సమానం కాగానే మరుగు మొదలవుతుంది. అది 100 డిగ్రీలకు కొంచెం ముందే జరుగుతుంది. నీళ్లు తమ భుజం మీద నూనెను మోసుకొస్తాయన్నమాట.

మూడు గంటల తర్వాత చేతికొచ్చేది ఎంత? చెంచాలో పావువంతు వస్తే అదృష్టం. తొలిసారి చూసిన పిల్లల ముఖాలు వాడిపోతాయి. ఆ కాస్తలో ఉన్న తేమను సోడియం సల్ఫేట్‌తో పీల్చేసి, ముదురు గోధుమరంగు సీసాలో పోసి, ఫ్రిజ్‌లో దాస్తాం. థైమోక్వినోన్‌కి వెలుతురు పడదు. ఎండ తగిలితే రెండేసి అణువులు అతుక్కుని డైథైమోక్వినోన్ అనే వేరే పదార్థమవుతుంది. బజారులో పారదర్శకమైన సీసాల్లో, దుకాణం ముందు ఎండలో వరుసగా పేర్చిన కలోంజీ నూనెను చూసినప్పుడల్లా మాకు ఇదే గుర్తొస్తుంది.

వేడి లేకుండా తీసే పద్ధతి ఇంకొకటుంది. కార్బన్ డయాక్సైడ్ వాయువును 31 డిగ్రీల పైన, సుమారు 74 బార్ల ఒత్తిడి దాటించి పట్టుకుంటే అది వాయువూ కాదు, ద్రవమూ కాదు. గింజ పొడిలోకి వాయువులా దూరిపోయి, నూనెను ద్రవంలా కరిగించుకుంటుంది. ఒత్తిడి తీసేస్తే వాయువు ఎగిరిపోయి నూనె మిగులుతుంది. యంత్రం ఖరీదు ఎక్కువ. గానుగలో ఆడించిన నూనెలో మామూలు నూనె అంతా ఉండి, వాసన నూనె కొద్దిగా కలిసి ఉంటుంది. అంటే "కలోంజీ నూనె" అన్న ఒక్క పేరుతో బజారులో మూడు నాలుగు వేర్వేరు సరుకులున్నాయి. ఒక సీసాలో థైమోక్వినోన్ దాదాపు ఏమీ ఉండకపోవచ్చు, పక్క సీసాలో దానికి ఎన్నో రెట్లు ఉండవచ్చు. సీసా మీద ఎంతుందో రాసేవాళ్లు తక్కువ.

ఇక కాలేయం సంగతి. మనం మింగిన మాత్ర పని చేశాక ఎక్కడికి పోతుంది? చాలా మందులు కొవ్వులో కరిగే రకం. అలాగే ఉంటే మూత్రపిండాలు వాటిని బయటికి నెట్టలేవు, శరీరంలోనే తిరుగుతుంటాయి. వాటిని నీళ్లలో కరిగేలా మార్చడం కాలేయంలోని ఎంజైముల పని. వీటిలో ముఖ్యమైన కుటుంబం సైటోక్రోమ్ పీ450. జపాన్ శాస్త్రవేత్తలు ఒమురా, సాటో 1960లలో దానికి పేరు పెట్టారు. కార్బన్ మోనాక్సైడ్‌తో కలిసినప్పుడు 450 నానోమీటర్ల దగ్గర వెలుతురును పీల్చుకుంటుంది కాబట్టి ఆ అంకె. మనిషిలో ఈ కుటుంబానికి 57 జన్యువులున్నాయి. మందులతో ఎక్కువ పని ఉన్నవి నాలుగైదే. సీవైపీ3ఏ4, సీవైపీ2సీ9, సీవైపీ2డీ6, సీవైపీ2సీ19, సీవైపీ1ఏ2. పేర్లు గుర్తుపెట్టుకోనక్కర లేదు. మన రేషన్ దుకాణంలో కౌంటర్లలాంటివి అనుకోండి. ఒక్కో కౌంటర్‌లో కొన్ని మందుల పని జరుగుతుంది. కౌంటర్ దగ్గర వేరే ఎవరైనా అడ్డం నిలబడితే వెనక వరుస పెరిగిపోతుంది, అంటే రక్తంలో మందు పేరుకుపోతుంది. అదనంగా కౌంటర్లు తెరిస్తే వరుస క్షణంలో ఖాళీ, అంటే మందు పని చెయ్యకముందే వెళ్లిపోతుంది.

ఆహారం ఇలా చేయగలదా అని అనుమానం రావచ్చు. కెనడాలో డేవిడ్ బెయిలీ అనే శాస్త్రవేత్త ఫెలోడిపిన్ అనే బీపీ మందు మీద సారాయి ప్రభావం చూస్తూ, సారాయి రుచి తెలియకుండా ఉండాలని గ్రేప్‌ఫ్రూట్ రసం కలిపి ఇచ్చాడు. రక్తంలో మందు ఉండాల్సినదానికన్నా చాలా ఎక్కువ తేలింది. ఆ ఎక్కువ సారాయి వల్ల కాదు, పండురసం వల్ల. 1989లో అది బయటపడింది. ఆ రసంలోని పదార్థాలు పేగు గోడలో ఉన్న సీవైపీ3ఏ4 ఎంజైమును పనికిరాకుండా చేస్తాయి. ఆ పండు మన ఊళ్లలో అరుదు కాని దాని దగ్గరి చుట్టం పంపరపనస మన పెరళ్లలోనే ఉంది. దానిలోనూ అదే జాతి పదార్థాలున్నాయి. మన మిరియాల్లోని పైపరిన్‌దీ ఇదే దారి. ఆ గుణాన్ని జమ్మూలోని ప్రభుత్వ పరిశోధన సంస్థ మంచికి వాడుకుంది. క్షయకు ఇచ్చే రిఫాంపిసిన్ 450 మి.గ్రా. బదులు 200 మి.గ్రా. వేసి, 10 మి.గ్రా. పైపరిన్ కలిపి రిసోరిన్ అనే మందు తయారైంది. వంటింట్లో ఉన్నంత మాత్రాన ఒక పదార్థం అమాయకమైనది కాదు. చెడ్డదీ కాదు. దానికి బలముంది, అంతే.

కలోంజీకి ఆ బలముందా? సౌదీ అరేబియాలో రియాద్ పరిశోధకులు 2010లో ఒక పరీక్ష ప్రచురించారు. దగ్గు సిరప్పుల్లో ఉండే డెక్స్‌ట్రోమెథార్ఫాన్‌ను తీసుకున్నారు. ఆ మందును శరీరం రెండు దారుల్లో మారుస్తుంది, ఒకటి సీవైపీ2డీ6 దారి, ఒకటి సీవైపీ3ఏ4 దారి. అందుకే పరీక్షకు బాగా పనికొస్తుంది. మొదట మనిషి కాలేయ కణాల నుంచి తీసిన మైక్రోసోములతో పరీక్షనాళికలో చూశారు. కలోంజీ సారం రెండు దారులనూ అడ్డుకుంది. తర్వాత నలుగురు ఆరోగ్యవంతులకు 2.5 గ్రాముల కలోంజీ రోజుకు రెండుసార్లు వారంరోజులు ఇచ్చి, ఆ మందు వేసి, మూత్రం పరీక్షించారు. మందు మారకుండా అలాగే వచ్చే పాలు పెరిగింది. పరీక్షనాళిక ప్రయోగాల్లో థైమోక్వినోన్ సీవైపీ2సీ9 ఎంజైమును గట్టిగా పట్టుకుంది. కుందేళ్లలో థైమోక్వినోన్ కొన్ని సీవైపీ ఎంజైములను తగ్గించి, విషాలను విరిచే గ్లూటాథయోన్ ఎంజైములను పెంచింది. కాలేయానికి మేలు చేస్తుందని పెద్దలనే మాటకు ఈ రెండో సగం కొంత ఆధారమే. ఇంకో విచిత్రం. మూత్రపిండం మార్పిడి చేసుకున్నవాళ్లు వేసుకునే సైక్లోస్పోరిన్‌ను కుందేళ్లలో చూస్తే, కలోంజీ ఇచ్చినప్పుడు రక్తంలో మందు పెరగలేదు, తగ్గింది. పెరిగితే విషం, తగ్గితే పెట్టిన కిడ్నీని శరీరం తిప్పికొట్టే ప్రమాదం. కాబట్టి "కొంచెం ఎక్కువైతే ఏం పోతుంది" అన్న లెక్క ఇక్కడ రెండు వైపులా పనికిరాదు.

మరీ భయపడాల్సిన పని కూడా లేదని చెప్పాలి, ఎందుకంటే పరీక్షనాళిక మనిషి కాదు. థైమోక్వినోన్ రక్తంలోకి వెళ్లగానే 99 శాతానికి పైగా రక్తంలోని ప్రొటీన్లకు అతుక్కుపోతుంది, ఎంజైము దాకా చేరేది కొద్ది. పైగా మోతాదు లెక్క చూడండి. నాన్ రొట్టె మీద, పచ్చడిలో చల్లే ఒక గ్రాము గింజల్లో వాసన నూనె 5 నుంచి 15 మి.గ్రా., అందులో మూడో వంతు థైమోక్వినోన్ అనుకున్నా చాలా కొద్ది. అదే ఒక చెంచా నూనె అయితే సుమారు నాలుగున్నర గ్రాములు. దానిలో థైమోక్వినోన్ ఒక శాతం ఉందనుకుంటే 45 మి.గ్రా. రోజుకు రెండు చెంచాలంటే 90. ఇది ఆహారం కొలత కాదు, మందు కొలత.

ఇక్కడ హదీసు ప్రస్తావన తేకుండా ముందుకు పోతే మీలో సగం మంది మనసులో ప్రశ్న ఉండిపోతుంది. హబ్బతుస్సౌదాను గురించి దైవప్రవక్త (స) చెప్పిన మాట సహీహ్ బుఖారీలో ఉందని ఇక్కడ తెలియనివారు లేరు. దాని మీద మాకు అనుమానం లేదు, దానిని పరీక్షనాళికలో నిరూపించాలన్న సాహసమూ లేదు. ఒక్క విషయం మాత్రం గుర్తు చేస్తాం. అదే బుఖారీ అధ్యాయంలో, హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖనానికి ముందు, ప్రయాణంలో జబ్బుపడిన ఒకాయనకు ఇచ్చిన సలహా ఉంది. ఐదో ఏడో గింజలు తీసుకుని, నూరి, నూనెలో కలిపి, ముక్కు రంధ్రాల్లో చుక్కలు వేయమన్నది. ఐదు, ఏడు! సీసాలు కాదు. ఆ హదీసులోని మాట కొన్ని రకాల జబ్బులకు వర్తిస్తుందని ఇమామ్ ఖత్తాబీ వంటి పూర్వ వ్యాఖ్యాతలు వివరించారు. యునానీ హకీములు కూడా షోనీజ్‌ను మోతాదు చూసి, మనిషి మిజాజ్ చూసి ఇస్తారు. హైదరాబాదు నిజామియా తిబ్బీ కాలేజీలో చదువుకున్న ఏ హకీమునైనా అడగండి, "ఎంత, ఎవరికి, దేనితో" అన్న మూడు ప్రశ్నలు వెయ్యకుండా నూనె రాయరు. మన వాట్సాప్ హకీములే వెయ్యరు.

సరే, ఎవరు జాగ్రత్తపడాలి? గుండె కవాటం మార్పించుకుని ఎసిట్రోమ్ గాని వార్ఫరిన్ గాని వేసుకునేవాళ్లు అందరికన్నా ముందు. ఈ మందులు ప్రధానంగా సీవైపీ2సీ9 కౌంటర్‌లోనివే. కాస్త పెరిగితే రక్తస్రావం, కాస్త తగ్గితే గడ్డ. అందుకే వాళ్లకు మాటిమాటికీ పీటీ–ఐఎన్ఆర్ పరీక్ష చేయిస్తారు. కొత్తగా నూనె మొదలుపెట్టినా, చాలాకాలంగా తాగుతున్నది హఠాత్తుగా ఆపినా ఆ పరీక్ష చేయించుకోవాలి. మూర్ఛకు ఫెనిటాయిన్ వేసుకునేవాళ్లదీ అదే కౌంటర్. కిడ్నీ మార్పిడి అయినవాళ్లు సైక్లోస్పోరిన్, టాక్రోలిమస్ వాడుతుంటే తమ డాక్టరు ఒప్పుకోకుండా కలోంజీ నూనె ముట్టకూడదు. ఈ మాట మేము మెత్తగా చెప్పం. ఆపరేషన్ ఉన్నవాళ్లు ముందుగానే సర్జనుకు చెప్పాలి. గర్భిణులు వంటలో వాడే గింజలతో సరిపెట్టుకోవాలి, నూనె, క్యాప్సూళ్లు వద్దు.

షుగర్ వాళ్ల సంగతి విడిగా చెప్పాలి, మన జమాత్‌లో వాళ్లే ఎక్కువ. కలోంజీ షుగర్‌ను తగ్గిస్తుందన్నది వట్టి మాట కాదు. సౌదీలో 94 మంది రోగులకు మాత్రలతోపాటు రోజుకు 1, 2, 3 గ్రాముల చొప్పున ఇచ్చి చూసిన పరీక్షలో 2 గ్రాముల మోతాదుకు పరగడుపు షుగర్, హెచ్‌బీఏ1సీ తగ్గాయి. మెట్‌ఫార్మిన్ కాలేయంలో మారదు, ఉన్నదున్నట్టే మూత్రంలో పోతుంది కాబట్టి దాని విషయంలో ఎంజైముల గొడవ లేదు. గ్లిమిపిరైడ్ అలా కాదు. అది సీవైపీ2సీ9 కౌంటర్ మందు. నూనె తనంతట తాను షుగర్ తగ్గిస్తుంది, పైగా గ్లిమిపిరైడ్‌ను కాస్త ఎక్కువసేపు నిలిపి ఉంచవచ్చు. మామూలు రోజుల్లో మధ్యలో ఏదో తింటాం కాబట్టి తెలియదు. రంజాన్‌లో తెలుస్తుంది. సహరీలో మాత్ర, దాంతో చెంచా నూనె, ఆపైన పదమూడు పద్నాలుగు గంటల ఉపవాసం. అసర్ వేళకు చెమటలు, చేతుల వణుకు, కళ్లు చీకట్లు. "రోజా నీరసం" అని ఇంట్లోవాళ్లు పడుకోబెడతారు. అది నీరసం కాదు, షుగర్ పడిపోవడం. వేలు గుచ్చి చూడండి, గుచ్చితే రోజా భంగం కాదని ఉలమాలు చెబుతూనే ఉన్నారు. 70కి దిగినా, 300 దాటినా రోజా విరమించాలన్నది వైద్యుల నియమం. ప్రాణం మీదికి తెచ్చుకోవడానికి షరీఅత్ కూడా ఒప్పుకోదు.

శిబిరానికి వచ్చే ఒక ఖాలా మాతో అన్నారు: "బేటా, డాక్టరుకు చెబితే తిడతారేమోనని చెప్పను." ఈ మాట మమ్మల్ని చాలా రోజులు ఆలోచింపజేసింది. తప్పు ఖాలాది కాదు. మనం అడిగే తీరులో ఆమెకు భయం కనిపించింది. కాబట్టి కార్యవర్గానికి మా విన్నపం ఇది. వైద్య శిబిరం కార్డు మీద "వాడుతున్న మందులు" అన్న వరుస కింద ఇంకొక వరుస చేర్చండి: "కలోంజీ, మెంతులు, కషాయాలు, హకీముగారి మందులు, నూనెలు – ఏవి, ఎంత, ఎప్పటినుంచి". తెలుగులోను, ఉర్దూలోను అచ్చు వెయ్యండి. రాయలేనివాళ్ల దగ్గర వాలంటీరు కూర్చుని రాయాలి, తీర్పు చెప్పకుండా రాయాలి. రంజాన్ కిట్లలో దాతలు కలోంజీ నూనె సీసాలు ఇస్తామంటే వద్దనకండి, ముదురురంగు సీసాలు అడగండి. మూతకు ఒక చిన్న చీటీ కట్టండి: రక్తం పలచబడే మందులు, మూర్ఛ మందులు, కిడ్నీ మార్పిడి మందులు, షుగర్ మాత్రలు వాడేవారు ముందు డాక్టరును అడగాలని.

ఆ కార్డు నమూనా ఒకటి మేము తయారుచేసి తెచ్చాం. జొహర్ నమాజు తర్వాత భోజనాల దగ్గర మా బల్ల మీద ఉంటుంది. పక్కనే రెండు పళ్లేలు పెట్టాం, ఒకదానిలో కలోంజీ, ఒకదానిలో షాజీరా. ఇంట్లో ఉన్నది ఏదో అనుమానంగా ఉన్నవాళ్లు వచ్చి నలిపి చూసుకోవచ్చు. మీ మాత్రల అట్టలు తెచ్చుకుని ఉంటే అవి కూడా పట్టుకురండి, ఏ మాత్ర ఏ కౌంటర్‌దో కూర్చుని చూద్దాం.